గేమ్ డబ్బాలో మూడో స్వరం

బుధవారం ఉదయం పదకొండూ పదికి ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌కు ఒక ఫోన్ వచ్చింది. కాల్ నలభై సెకన్లు సాగింది.

“లైట్ల కోసమని చెప్పి నాతో చేయించారు. అది లైట్ల కోసం కాదు. మూడు స్వరాలు వరసగా వింటే పనిచేసే డబ్బా. ఫోన్లో ఇంతకంటే చెప్పలేను, మధ్యాహ్నం నేనే వస్తాను.”

మధ్యాహ్నం ఆయన రాలేదు. పదకొండూ నలభైకి పక్క కొట్టు కళ్లజోళ్లాయన చిన్న స్క్రూడ్రైవర్ అడగడానికి వెళ్లేసరికి, పాత వీడియో గేమ్ డబ్బాలు బాగుచేసే ఆ ముసలి మెకానిక్ బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. కుడిచేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది. దాని వైరు ఒకచోట ఒలిచి ఉంది. కరెంట్ షాక్ అని పోలీసులు రాసుకుని వెళ్లిపోయారు.

ఆ ఐరన్ పన్నెండు వోల్టులది. దానితో చీమ కూడా చావదు.

ఆ సంగతి పోలీసులకు తోచలేదు గానీ, మధ్యాహ్నం మూడు గంటలకు చీఫ్ ఎదుట కూర్చున్న ఆడమనిషికి ఫోటో చూడగానే తెలిసిపోయింది. ఆమెకు నలభై రెండేళ్లు. డిపార్ట్‌మెంట్‌లో ఆమెను టంకం అని పిలుస్తారు. విరిగినవి అతికిస్తుందని ఆ పేరు పెట్టామని కొందరంటారు. అంటుకుంటే ఒక పట్టాన వదలదని పెట్టామని, ఆమెతో పనిచేసినవాళ్లంటారు.

“ఆయన నీకేమవుతాడు?” చీఫ్ అడిగాడు.

“మేనమామ సార్. అమ్మకు ఒక్కడే తమ్ముడు.”

“అయితే ఈ పని నీకివ్వకూడదు.”

“ఇంకెవరికిస్తారు సార్? మన ఆఫీసులో ఐరన్ ఏ వైపు పట్టుకోవాలో తెలిసినవాళ్లెవరు?”

చీఫ్ కాసేపు పెన్ను మూత పెట్టి తీశాడు. తర్వాత ఫైల్ ఆమె వైపు తోశాడు.

శనివారం రెండు పొరుగు దేశాల జలమంత్రులు నది ఒప్పందం మీద సంతకాలు పెడుతున్నారు. ముప్ఫై ఏళ్ల తగాదా అది. సాయంత్రం నాలుగింటికి వాళ్ల గౌరవార్థం సిటీ హాల్లో కచేరీ. వాద్యాలేవీ ఉండవు. ముప్ఫై ఏళ్ల కిందట పిల్లలు అరచేతుల్లో పట్టుకుని ఆడుకున్న బూడిద రంగు గేమ్ డబ్బాలే వాద్యాలు. వాటిలో సంగీతం ప్రోగ్రామ్ ఉన్న క్యాట్రిడ్జ్ పెట్టి, బటన్లతో స్వరాలు పేర్చి వాయిస్తారు. వాయించేది నెమలి అనే స్టేజి పేరున్న విదేశీ కళాకారిణి. ఆ రెండు దేశాలూ కొట్టుకుంటేనే ఆయుధాలు అమ్ముడుపోయే మూడో దేశం ఒకటుంది. నెమలి మేనేజర్ జీతం తీసుకునేది అక్కడ.

“హాలంతా జామర్లు పెట్టాం,” అన్నాడు చీఫ్. “ఫోన్ పనిచేయదు, రిమోట్ పనిచేయదు.”

“జామర్లు రేడియోను ఆపుతాయి. పాటను ఆపవు కదా సార్.”

చీఫ్ తల ఎత్తాడు.

“మూడు స్వరాలు మామయ్య డబ్బాకు తాళంచెవి,” అందామె. “స్టేజి మీద వాయిస్తే చాలు, కింద ఎక్కడున్నా పేలుతుంది. కచేరీ రద్దు చేయించండి.”

“ఏమని చెప్పి? చనిపోయిన మెకానిక్ ఒకాయన ఫోన్లో ఏదో అన్నాడనా? హాలు రెండుసార్లు గాలించారు. సూది కూడా దొరకలేదు. ఇప్పుడు రద్దంటే ఒప్పందం కూడా పోయినట్టే. ఆధారం తీసుకురా, ఆ నిమిషంలోనే ఆపిస్తాను.”

“ఈ నెమలి ఎవరి మనిషి?”

“మనకూ కబుర్లు చెబుతుంది, వాళ్లకూ చెబుతుంది. ఎవరి మనిషో ఆమెకు మాత్రం తెలుసో లేదో. కోడ్ రాసుకో. ‘పాత బ్యాటరీలు ఉప్పు పడతాయా?’ అని ఆమె అంటే ‘వాడకుండా వదిలేస్తే పడతాయి’ అనాలి. నమ్మడం మాత్రం నీ ఇష్టం.”

స్టోర్‌లో ఆమెకు కొత్త పనిముట్ల పెట్టె ఇచ్చారు. ఐరన్ పిడిలో ట్రాన్స్‌మిటర్, పట్టకారులో చిన్న కత్తి, టంకం చుట్టలో మత్తుమందు. దేని మీదా కంటికి కనిపించే తేడా లేదు. స్టోర్ కీపర్ సంతకం పెట్టించుకుంటూ, “తిరిగి అప్పజెప్పాలమ్మా,” అన్నాడు, అందరితో అన్నట్టే.

ఇంట్లో అమ్మ తమ్ముడి చొక్కాలు మడత పెడుతోంది. కూతురు తూనికలు కొలతల ఆఫీసులో పనిచేస్తుందని ఆమె నమ్మకం.

“నాలుగు రోజులు సెలవు పెట్టానమ్మా. మామయ్య కొట్టు తెరుస్తాను. జనం ఇచ్చిన సామానుంది, ఎవరివి వాళ్లకు ఇచ్చెయ్యాలి.”

“బాగుచేసి ఇవ్వు,” అంది అమ్మ మడత ఆపకుండా. “వాడు ఏ వస్తువునూ చెడిపోయిందని వాపసు ఇచ్చిన మనిషి కాదు.”

గురువారం, శుక్రవారం ఎవరూ రాలేదు. శనివారం తొమ్మిదింటికి, ఒంటికి అతికినట్టు కుట్టించుకున్న నల్లకోటుతో నెమలి మేనేజర్ కొట్టులోకి వచ్చి, రెండు గేమ్ డబ్బాలు బల్ల మీద పెట్టాడు. వెనకాల తలుపంత వెడల్పున ఒక మనిషి నిలబడ్డాడు. టంకం మనసులో అతనికి గోడ అని పేరు పెట్టుకుంది.

“ఇక్కడ ఒక పెద్దాయన ఉండేవారు.”

“మా మామయ్యండి. పోయారు. పని నేను చూస్తున్నా.”

“అయ్యో పాపం,” అన్నాడు మేనేజర్, గడియారం చూసుకుంటూ. “ఈరోజు నాలుగింటికి కచేరీ. ఇది రాత్రి మొరాయించింది. రెండోది బాగానే ఉంది, కానీ అదొక్కటే నమ్ముకుని స్టేజెక్కలేం.”

ఆమె ఆన్ చేసింది. స్క్రీన్ మీద నిలువునా తెల్లగీతలు. చెవికి పెట్టుకుంటే ఒక పక్క శబ్దం లేదు, రెండో పక్క తేనెటీగల హోరు. బ్యాటరీల గూట్లో పచ్చటి ఉప్పు.

“అవుతుందండి. రెండు మూడు గంటలు పడుతుంది.”

“హాల్లోనే చేసిపెట్టాలి. కారు ఉంది.”

ఆమె పనిముట్ల పెట్టె తీసుకుంది. హాలు వెనక గుమ్మం దగ్గర గోడ దాన్ని చేతిలోంచి మర్యాదగానే తీసుకున్నాడు. ఫోన్ కూడా తీసుకున్నాడు.

“సెక్యూరిటీ రూల్స్,” అన్నాడు మేనేజర్. “లోపల అన్నీ ఉన్నాయి.”

ట్రాన్స్‌మిటర్, కత్తి, మత్తుమందు ఒక్క నిమిషంలో కారు డిక్కీలోకి వెళ్లిపోయాయి. స్టోర్ కీపర్‌కు ఏం చెప్పాలా అని ఆమెకు ఒక్క క్షణం దిగులేసింది.

పద్నాలుగు మెట్లు దిగారు. వంకర వరండా, చివర ఇనప తలుపు. అది పది అడుగుల గది. కిటికీ లేదు. ట్యూబ్‌లైట్ కింద బల్ల, స్టూలు, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, అట్టపెట్టె నిండా పాత సామాను. గది గోడ వెంట నిలువునా లావుపాటి నీళ్ల పైపు. పైన స్టేజి మీద జరిగేది కింది గదులకు వినిపించే పాత స్పీకర్ ఒకటి. కప్పుకు దగ్గరగా గాలి పోవడానికి ఇనప చువ్వల జాలీ.

“క్యాట్రిడ్జ్ ఇవ్వండి, టెస్ట్ చెయ్యాలి.”

“టెస్ట్ నేను చేస్తాను. పాట నా జేబులోనే ఉంటుంది.” మేనేజర్ కోటు లోపలి జేబు తట్టాడు. “నాకు సంగీతం తెలిసే చెవి లేదమ్మా. శ్రుతి కొలిచే మీటర్ ఉంది. ప్రతి స్వరం కొలుస్తాను. తేడా వస్తే...” ఆ మాట పూర్తి చెయ్యాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు. “రెండింటికి వస్తాను.”

తలుపు మూసుకుంది. బయట గడియ పడిన చప్పుడైంది.

వంద లెక్కపెట్టి, స్టూలెక్కి జాలీలోంచి చూసింది. అవతల ఇరుకైన గాలిగొట్టం. మూరెడు దూరంలో చెప్పుల పెట్టెంత డబ్బా. దాని మీద మైకు, ఆర్పి ఉన్న ఎర్రదీపం, మూడు చిప్పులున్న సర్క్యూట్ పలక. పలక వెనక గోధుమరంగు కాగితంలో చుట్టిన పొట్లాలు. డబ్బా మీద దుమ్ము లేదు. తనిఖీలయ్యాక పెట్టారు.

పలక మీది టంకం చుక్కలు చూసి ఆమె చూపు అక్కడే ఆగిపోయింది. ప్రతి చుక్కా నున్నగా, ఒకే ఎత్తులో, పైన చిన్న మెరుపుతో ఉంది. ఏడేళ్ల వయసులో తన చెయ్యి పట్టుకుని, “అంటించడం కాదురా తల్లీ, కూచోబెట్టాలి,” అని మామయ్య నేర్పిన పని. చేతిరాత గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది.

చువ్వల్లోంచి చెయ్యి పెట్టింది. మణికట్టు దగ్గర ఇరుక్కుంది. అట్టపెట్టెలోంచి వైరు తీసి కొస వంచి చాపింది. జానెడు తక్కువైంది. రెండు వైర్లు మెలిపెట్టింది. కొస డబ్బాను తాకీ తాకనట్టు తాకి జారిపోయింది. ఇంకోసారి ప్రయత్నించబోతుంటే గడియ కదిలింది. స్టూలు దిగి ఐరన్ పట్టుకుంది. తలుపు సందులోంచి గోడ నీళ్ల సీసా లోపలికి దొర్లించి మళ్లీ మూశాడు.

ఆమె కూర్చుని ఆలోచించింది. పైన మొదటి వరుస. మంత్రులు కూర్చునేది అక్కడే. కింద తాను. పని అయ్యాక తలుపు తియ్యాల్సిన అవసరం వీళ్లకు లేదు. గేమ్ డబ్బాను పాడుచేస్తే మీటర్ పట్టేస్తుంది, రెండో గేమ్ డబ్బా స్టేజెక్కుతుంది. అరిస్తే వినడానికి గోడ ఒక్కడే ఉన్నాడు. గాలి ఉన్నట్టుండి తక్కువైపోయినట్టనిపించింది. చొక్కా పై గుండీ తీసింది. ప్రయోజనం లేదు.

భయం మరవాలంటే పని చెయ్యాలి. మామయ్య అలాగే చేసేవాడు. గేమ్ డబ్బా విప్పింది.

బ్యాటరీ రేకుల మీది ఉప్పును అట్టపెట్టెలో దొరికిన ద్రావకంతో తుడిచి గీకింది. తెల్లగీతల రోగం స్క్రీన్ అంచున ఉన్న రిబ్బన్ దగ్గరుంది. సన్నటి తీగలు పలక నుంచి లేచిపోతే గీతలొస్తాయి. ఐరన్‌ను ఆ అంచు మీద మెల్లగా, ఇస్త్రీ చేసినట్టు నడిపిస్తే ఒక్కొక్క గీతే మాయమైంది. హోరు పోవాలంటే లోపలి చవక ఆంప్లిఫయర్ ఊసెత్తకుండా, వాల్యూమ్ చక్రం ముందు నుంచే శబ్దాన్ని రెండు తీగలతో బయటి సాకెట్‌కు లాగాలి. ఈ డబ్బాలతో పాటలు కట్టేవాళ్లందరూ మొదట చేయించుకునే మార్పు అదే.

పన్నెండున్నరకు తలుపు తెరుచుకుంది. ముందు అత్తరు వాసన వచ్చింది. తర్వాత నీలం ఆకుపచ్చ తళుకుల కోటు, ఆ కోటులో ఆమె. పోస్టర్ మీద కంటే అందంగా ఉంది. పోస్టర్ మీద లేని అలసట కళ్ల కింద ఉంది. వెనకే మేనేజర్.

“నాకు నాబ్ కావాలి,” అంది నెమలి. “స్పీడు, శ్రుతి పైకీ కిందకీ జరిపే నాబ్. పాత డబ్బాకు ఉండేది. అది లేకుండా నేను ఎక్కను.”

“ఇప్పుడెందుకది?” అన్నాడు మేనేజర్.

“మూడు దేశాల పేపర్లవాళ్లు వస్తున్నారు. వాళ్ల ముందు బొమ్మలా కూచోమంటారా?”

మేనేజర్ ఆమె వైపు విసుగ్గా చూసి టంకం వైపు తిరిగాడు. “పెట్టండి. నాబ్ మధ్యగీత మీదున్నప్పుడు స్వరం వెంట్రుకవాసి కూడా తప్పకూడదు.”

ఆయన ఫోన్ పనిచేయని వరండాలో ఎవరినో పిలుస్తూ బయటికెళ్లాడు. గోడ గుమ్మంలోనే ఉన్నాడు. నెమలి బల్ల మీది బ్యాటరీ తీసి వెలుగులో తిప్పింది.

“పాత బ్యాటరీలు ఉప్పు పడతాయా?”

“వాడకుండా వదిలేస్తే పడతాయండి.” టంకం అట్టపెట్టెలో దొరికిన పాత ఆట క్యాట్రిడ్జ్ పెట్టి శబ్దం గట్టిగా పెంచింది. గోడ మొహం చిట్లించి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ గోలలో ఆమె పెదవులు కదిలీ కదలనట్టు అంది. “జాలీ వెనక చూశాను. మీకు తెలుసా?”

“పాట చివర మూడు స్వరాలు. తర్వాత తొంభై సెకన్లు. మేం బయటికి పోవడానికి.”

“వాయించకండి.”

“నా చెల్లెలు వాళ్ల దగ్గరుంది.” నెమలి బ్యాటరీ కింద పెట్టింది. “నేను స్టేజెక్కకపోయినా, ఒక్క స్వరం మింగేసినా సాయంత్రానికి దాన్ని... మీకైతే తాళం వేశారు. నాకు వెయ్యలేదు. తేడా అంతే.”

“మా వాళ్లకు ఎందుకు చెప్పలేదు?”

“చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు పోయారు. మొన్న ఆ పెద్దాయన.”

టంకం శబ్దం ఆపింది. నెమలి తళుకులు సర్దుకుని వెళ్లిపోయింది. గడియ పడింది.

నాబ్ పెట్టాలంటే డబ్బా వేగాన్ని నిలకడగా ఉంచే క్రిస్టల్ తీసేసి, దాని స్థానంలో చిన్న ఆసిలేటర్ చిప్ పెట్టాలి. డబ్బా గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో ఆ చిప్‌కు తగిలించిన రెసిస్టర్ నిర్ణయిస్తుంది. నిరోధం తగ్గితే గుండె వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే ప్రతి స్వరం పైకి పోతుంది. ఇక్కడ ఆమె చెయ్యి ఆగింది.

మామయ్యకు సుమారుగా అనే మాట తెలియదు. ఆ మూడు చిప్పులనూ సరిగ్గా మూడు స్వరాలకు బిగించి ఉంటాడు. అర స్వరం అటూ ఇటూ అయితే ఆ డబ్బా చెవిటిది. స్వరం తప్పాలి. మీటర్ చూసేటప్పుడు మాత్రం తప్పకూడదు.

అట్టపెట్టెను బల్ల మీద కుమ్మరించింది. తెగిన హెడ్‌ఫోన్లు, బటన్లు, కార్డ్‌లెస్ ఫోన్ బ్యాటరీ. ఆ బ్యాటరీకి రెండు తీగలు చాలు. దానికి మూడున్నాయి. మూడోది ఎందుకో ఆమెకు తెలుసు. పైతొడుగు చించింది. లోపల ఆవగింజంత నీలం పూస, థర్మిస్టర్. వేడెక్కిన కొద్దీ తన నిరోధం తగ్గించుకునే వస్తువు.

దాన్ని ఆసిలేటర్ రెసిస్టర్ వరసలో కలిపి, పూసను కరెంటు సరఫరా చేసే రెగ్యులేటర్‌కు ఆనించి అతికించింది. ఆ రెగ్యులేటర్ ఆన్ చెయ్యగానే వేడెక్కదు. పది నిమిషాలకు గోరువెచ్చన, ఇరవై నిమిషాలకు వేలు పెట్టలేనంత. మేనేజర్ పరీక్ష అయిదు నిమిషాలకు మించదు. పాట ఇరవై అయిదు నిమిషాలు. మల్టీమీటర్ ముందు పెట్టుకుని, ఐరన్ వేడి దూరం నుంచి చూపిస్తూ, లెక్క మూడుసార్లు సరిచూసుకుంది. చివరికొచ్చేసరికి స్వరం అర మెట్టు పైన ఉంటుంది.

ఒక్కటే చిక్కు. ఆ తేడాను చేత్తో సరిదిద్దే నాబ్ కూడా తానే పెడుతోంది.

ఒంటిగంటన్నరకు నెమలి ఒక్కతే వచ్చింది, గోడ వెనక నిలబడ్డాడు. మూత ఇంకా బిగించలేదు. ఆమె వంగి లోపలికి చూసింది. తన డబ్బాలు తానే విప్పుకునే మనిషి చూపు అది. నీలం పూస దగ్గర ఆగింది.

“ఇదేమిటి?”

గోడ మెడ చాచాడు.

“హోరు రాకుండా పెట్టానండి,” అంది టంకం.

నెమలి చాలాసేపు చూసింది.

“మా వైపు ఇవి నల్లగా ఉంటాయి,” అంది నెమలి. మూత తానే పెట్టి, స్క్రూలు ఆరూ తానే బిగించింది. మొహంలో ఏమీ లేదు. ఒప్పుకుందో, మేనేజర్‌కు చెప్పబోతోందో తెలిసే వీల్లేదు.

రెండింటికి మేనేజర్ క్యాట్రిడ్జ్ పెట్టి, మీటర్ తగిలించి, స్వరం తర్వాత స్వరం కొలిచాడు. నాలుగు నిమిషాలు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నెమలి పక్కనే నిలబడి గోళ్లు చూసుకుంటోంది.

“మీ మామయ్య కంటే మీరే నయం,” అన్నాడు మేనేజర్. “ఆయన ప్రశ్నలు ఎక్కువ వేసేవారు.” కోటు జేబులోంచి బేడీలు తీసి ఒకటి ఆమె ఎడమచేతికి, రెండోది నీళ్ల పైపుకు వేశాడు. “కచేరీ అయ్యాక విప్పుతాను.”

“పాట వినొచ్చా?”

“స్పీకర్ ఉందిగా.”

రెండో డబ్బా కోటు జేబులో వేసుకుని వెళ్లాడు. నెమలి వెళ్తూ వెనక్కి తిరగలేదు.

టంకం స్టూలును కాలితో దగ్గరికి లాక్కుని పైపు పక్కన కూర్చుంది. ఐరన్ ప్లగ్ తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు, ఆమె తియ్యనూ లేదు. మణికట్టు తిప్పి చూసింది, చర్మం లేచింది. అమ్మ ఈపాటికి మామయ్య చొక్కాలన్నీ మడిచేసి ఉంటుంది. తూనికలు కొలతల ఆఫీసు నుంచి ఎవరొచ్చి చెబుతారు, ఏమని చెబుతారు? ఆ ఆలోచన అక్కడితో ఆపింది.

నాలుగు దాటి రెండు నిమిషాలకు చప్పట్లు. తర్వాత పాట.

చవక ప్లాస్టిక్ డబ్బాలోంచి వస్తున్న సంగీతమని చెబితే ఎవరూ నమ్మరు. నాలుగే గొంతులున్న యంత్రం. ఒకటి వాన చినుకుల్లా రాలుతుంటే ఒకటి కింద రైలులా నడిచింది. బేడీ వేసిన చేతి వేళ్లు ఆమెకు తెలియకుండానే పైపు మీద తాళం వేశాయి.

పదో నిమిషంలో శ్రుతి పైకి జరగడం మొదలైంది. అతి మెల్లగా. టంకం కళ్లు మూసుకుంది. ఇంకా పైకి. తర్వాత ఉన్నట్టుండి కిందికి దిగి, సరైన చోట కూర్చుంది.

నెమలి నాబ్ తిప్పింది.

మళ్లీ పైకి జరిగింది. మళ్లీ దిద్దింది. పదిహేను, పద్దెనిమిది, ఇరవయ్యో నిమిషం. ఎన్నిసార్లు జారితే అన్నిసార్లు ఆ చెయ్యి దాన్ని లాక్కొచ్చి సరైన చోట నిలబెట్టింది. అంటే ఆమె వాళ్ల మనిషే. చెల్లెలి కోసం ఎవరైనా అంతే చేస్తారు. టంకం మనసులో తిట్టుకోలేకపోయింది. గది గోడలు నాలుగూ ఒక్కో అడుగు దగ్గరికి జరిగినట్టనిపించింది. పైన ఎన్ని వందల మంది ఉన్నారో లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేసింది.

ఇరవై నాలుగో నిమిషంలో తలుపు గడియ తీసిన చప్పుడైంది. మేనేజర్ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. జాలీ వెనక ఎర్రదీపం వెలగడం కళ్లారా చూసి వెళ్లాలని వచ్చాడు. ఆమెను పలకరించలేదు. పైకే చూస్తూ నిలబడ్డాడు.

పాట ఆగింది. నిశ్శబ్దం. తర్వాత మూడు పొడుగాటి స్వరాలు.

మొదటిది వినగానే టంకం తల ఎత్తింది. అది పైనుంది. నాబ్‌ను మధ్యగీత మీదికి తిప్పి వదిలేసిన శ్రుతి. రెండోదీ అంతే. మూడోది ఇంకా పైన, పళ్లు జివ్వుమనేలా.

చెవి లేని మేనేజర్‌కు అవి మూడు స్వరాలే. జాలీ వైపు చూస్తూ అయిదు సెకన్లు ఆగాడు. పది ఆగాడు. దీపం వెలగలేదు. పైన చప్పట్లు మోగాయి.

ఆయన మొహం మారింది. కోటులోంచి రెండో డబ్బా తీశాడు. దాంట్లో అదే పాట నకలు. ఆమె కూర్చున్న స్టూలును ఆమె కింద నుంచి లాగి, జాలీ కింద వేసి ఎక్కాడు. ఆమె పైపుకు వేలాడుతూ నేల మీద పడింది. ఆయన డబ్బా స్పీకర్‌ను చువ్వలకు ఆనించి, పాట చివరికి జరిపి, బటన్ నొక్కాడు.

మొదటి స్వరం. స్వచ్ఛంగా, సరిగ్గా.

స్టూలు ఆమె కాలికి అందీ అందనంత దూరంలో ఉంది. బేడీ ఎముకను కోస్తున్నా ఒళ్లంతా చాచింది. బొటనవేలు స్టూలు కాలిని తాకింది గానీ కదల్చలేదు.

రెండో స్వరం.

భుజం ఊడిపోతుందనిపించేంత చాచి, మడమతో తన్నింది.

మూడో స్వరానికి బదులు, మనిషి నేల మీద పడిన చప్పుడైంది. డబ్బా సిమెంటు మీద పగిలి, నాలుగు బ్యాటరీలు నాలుగు దిక్కులకు దొర్లాయి. మేనేజర్ ముందు డబ్బా కోసం తడిమాడు, తర్వాత కోటులోకి చెయ్యి పెట్టాడు. పిస్టల్ సగం బయటికి వచ్చింది. టంకం బల్ల మీంచి ఐరన్ అందుకుని ఆయన మణికట్టు మీద పెట్టింది. మూడు వందల యాభై డిగ్రీలు. పిస్టల్ బ్యాటరీలను వెతుక్కుంటూ పోయింది.

“ఇది మా మామయ్య తరఫున,” అంది ఆమె.

తలుపు తెరుచుకుంది. తళుకుల కోటు ముందు, సెక్యూరిటీ మనుషులు వెనక. మేనేజర్ పక్కన లేని ఆ రెండు నిమిషాలే నెమలికి కావలసింది. స్టేజి దిగీ దిగగానే ఎదురొచ్చిన మొదటి ఆఫీసర్ చెయ్యి పట్టుకుని, గోడ తేరుకునేలోగా మెట్ల వైపు లాక్కొచ్చింది.

బేడీ విప్పుతుంటే టంకం అడిగింది. “మొదటి నుంచీ వదిలేసి ఉండొచ్చు కదండీ. ఇరవై సార్లు దిద్దారు. ఆ గదిలో నా ప్రాణం ఇరవై సార్లు పోయింది.”

“పాతిక నిమిషాలు అపశ్రుతిలో వాయించమంటారా?” అంది నెమలి, నిజంగానే నొచ్చుకుని. “అంత దూరం నుంచి వచ్చి కూచున్నారు జనం.”

మేనేజర్ నోరు తెరవడానికి ఒక పూట పట్టింది. గోడ అరగంటలోనే అన్నీ చెప్పాడు, ఒలిచిన వైరుతో సహా. నది ఒప్పందం నిలబడింది. ఇక మిగిలింది నెమలి చెల్లెలు. ఆమె చేతికందేదాకా, అక్క మోసం చేసిందన్న అనుమానం అవతలివాళ్లకు రాకూడదు. అరెస్టు సంగతి దాచిపెట్టారు. చీఫ్ ఒక పేపరు ప్రకటన తయారుచేసి టంకానికి చూపించాడు. స్థానిక మెకానిక్ నాసిరకం రిపేరు వల్ల ప్రఖ్యాత కళాకారిణి వాద్యం చివర శ్రుతి తప్పిందనీ, నిర్వాహకులు విచారిస్తున్నారనీ, కింద కొట్టు అడ్రసుతో సహా ఉంది.

“నాసిరకం అనే మాట తప్పదా సార్?”

“తప్పదు. నీ పనిముట్ల పెట్టె గురించి కూడా స్టోర్‌వాళ్లు అడుగుతున్నారు.”

మూడో వారంలో, ఒక సరుకుల ఓడలో, చెల్లెలు క్షేమంగా వచ్చింది. అక్కచెల్లెళ్లు రేవులో ఒకరినొకరు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డారో రిపోర్టులో ఎవరూ రాయలేదు.

అంతకు ముందే, ప్రకటన పడిన రోజు అమ్మ ఆ పేపరు చదివి రెండు రోజులు కూతురితో సరిగ్గా మాట్లాడలేదు. తమ్ముడి పేరు చెడిందని ఆమె బాధ. కొట్టు మూసెయ్యడానికి టంకం ఆ తర్వాతి సోమవారం పొద్దున తాళం తీసేసరికి, గుమ్మంలో ఏడుగురు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బూడిద రంగు డబ్బా. అందరి చెవుల్లో హెడ్‌ఫోన్లు.

“ఆ కచేరీ చెడగొట్టిన మెకానిక్ మీరేనాండీ?” అని అడిగాడు ముందున్న పొడుగాటి మనిషి.

“నేనే.”

“చివర ఆ మూడు స్వరాలు రేడియోలో విన్నాం. అలాంటి శబ్దం ఇంతవరకూ ఎవరూ తియ్యలేకపోయారు.” అతను తన డబ్బా రెండు చేతులా బల్ల మీద పెట్టాడు. “మాకూ అలాగే చెడగొట్టి పెట్టండి.”